ఎర్తులు ఎన్ని వేసినా కలపకపోతే ప్రమాదమే

సంపాదకులకు నమస్కారం.

పిడుగుల కాలంలో తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద ఇటీవల మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. చెట్ల కింద నిలబడొద్దని, ఉరుము వినబడగానే పొలం వదిలి పక్కా ఇంట్లోకి వెళ్లమని రాసినంత వరకూ నాకే పేచీ లేదు. 2018 ఏప్రిల్‌లో ఒక్క రోజున, 13 గంటల్లో మన రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఆ సంగతి గుర్తున్నవాళ్లెవరూ ఈ జాగ్రత్తలను తేలిగ్గా తీసుకోరు. కానీ వ్యాసం చివర్లో, మేడ మీద యాంటెన్నా, డిష్, కెమెరాలాంటివి ఉన్నవాళ్లు వాటికి ఇంటి ఎర్త్‌తో ఏ సంబంధం లేకుండా విడిగా ఎర్త్ వేయించుకోవాలని ఒక సలహా ఇచ్చారు. నా అభ్యంతరం దానితోనే. యాంటెన్నాకు ఇంకో ఎర్త్ వేయించడం మంచిదే. దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తే మాత్రం అసలు వేయించకపోవడం కంటే ఎక్కువ నష్టం జరగొచ్చు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసి రిటైరయ్యాను. హామ్ రేడియో (సరదా కొద్దీ సొంత వైర్‌లెస్ సెట్టు మీద వేరే ఊళ్ల వాళ్లతో మాట్లాడుకునే వ్యాపకం) లైసెన్సు ఉంది. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం పరీక్ష పెట్టి ఇచ్చేది. మా డాబా మీద ఒక జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపు, దాని కొసన నుంచి రెండు వైపులా దించిన తీగల యాంటెన్నా, కొంచెం కింద రెండు మీటర్ల బ్యాండుకి (రేడియో తరంగం పొడవుని బట్టి పెట్టిన పేరిది) చిన్న యాంటెన్నా ఉన్నాయి. 2004 సునామీ వచ్చినప్పుడు అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది ఇలాంటి సెట్లే. నా సెట్టు అంత ఘనకార్యం ఏమీ చెయ్యలేదు. సాయంత్రం పూట నలభై మీటర్ల బ్యాండులో నాలుగు ఊళ్ల వాళ్లతో కబుర్లు చెబుతుంది, అంతే. పక్కింటి అమ్మాయి మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా "పిన్నిగారూ, మీ పైపు వల్ల మా ఇంటి మీద పిడుగు పడదు కదా?" అని అడుగుతుంది. పిడుగు నా పైపు కోసం వెతుక్కుంటూ రాదు. వచ్చిందంటే మాత్రం అది ఏ దారిన నేలలోకి దిగాలో ముందే మనం వేసి ఉంచాలి. ఆ దారి సరిగ్గా ఉంటే నా ఇంటికీ ఆమె ఇంటికీ టెన్షన్ తగ్గుతుంది.

విడిగా ఉంచితే ఏమవుతుందో లక్ష్మీపురంలో చూశాను. ఆ ఇంటాయన కూడా హామే, చాలా శ్రద్ధ గల మనిషి. రేడియో గది కిటికీ కింద కొత్తగా రాగి ఊచ దిగగొట్టించి, యాంటెన్నా కేబుల్ కవచాన్ని (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికని), రేడియో వెనక ఉండే ఎర్త్ బోల్టును దానికి కట్టారు. ఇంటి ఎర్త్ పిట్ ఎదురు గుమ్మం వైపు, మీటరు దగ్గర ఉంది. రెంటికీ మధ్య ఒక్క తీగ లేదు. కరెంటు ఎర్త్‌లోని చెత్తంతా రేడియోలోకి రాకూడదని అలా ఉంచమన్నారట. మే నెలలో ఒక సాయంత్రం వెనక పెరట్లో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. యాంటెన్నా మీద పడలేదు, ఇంటి మీదా పడలేదు. అయినా పవర్ సప్లై పోయింది, రేడియోలో మైకు దగ్గరి భాగం పోయింది, రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్యనున్న యూఎస్‌బీ పోర్టు పోయింది. మర్నాడు నేను వెళ్లి సాకెట్ విప్పి చూస్తే ఫేజు, న్యూట్రల్ పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను చుట్టూ మాత్రం నల్లటి మసి. ఫ్రిజ్, టీవీ, ఫ్యాన్లు నిక్షేపంలా పనిచేస్తున్నాయి. రెండు ఎర్తులతో లంకె ఉన్న వస్తువులు మాత్రమే పోయాయి.

ఆ మసిలోనే మొత్తం కథ ఉంది. పిడుగు కరెంటు నేలలోకి దిగినప్పుడు ఆ చోట నేల వోల్టేజి లేస్తుంది. ఒక మాదిరి పిడుగు 20,000 ఆంపియర్లు అనుకుందాం, ఎర్త్ రెసిస్టెన్స్, అంటే నేలలోకి దిగే కరెంటుకి తగిలే అడ్డు, 5 ఓమ్‌లు అనుకుందాం. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. ల్యాబ్‌లో ఇంత మంచి రీడింగ్ వస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. రెండూ గుణిస్తే లక్ష వోల్టులు. 5 ఓమ్‌ల ఎర్త్ కూడా ఆ క్షణంలో లక్ష వోల్టుల దగ్గర ఉంటుందన్న మాట. పిడుగు పడిన చోటుకి దూరమయ్యే కొద్దీ నేలలో ఈ వోల్టేజి తగ్గుతూ పోతుంది. అందుకే కొబ్బరిచెట్టు పక్కనున్న రాగి ఊచ ఒక వోల్టేజి దగ్గర ఉంది, గుమ్మం దగ్గరి పిట్ ఇంకో వోల్టేజి దగ్గర ఉంది. ఆ తేడాను సర్దుబాటు చేసుకోవడానికి కరెంటుకి కావలసింది వాటి మధ్య ఒక తీగ. ఆ ఇంట్లో ఆ తీగ పని చేసింది రేడియో: కవచం నుంచి రేడియో బాడీకి, బాడీ నుంచి పవర్ సప్లైకి, అక్కణ్నుంచి మూడో పిన్నుకి. చెరో గుంజకి కట్టిన రెండు పడవల మీద చెరో కాలు వేసి నిలబడ్డ మనిషి పరిస్థితే ఆ సెట్టుది. రెండు పడవలనీ కలిపి కడితే వరద ఎంత లేచినా రెండూ కలిసి లేస్తాయి. ఇల్లంతా ఒకేసారి లక్ష వోల్టులకి లేచి, ఒకేసారి దిగితే లోపలి వస్తువులకి ఏమీ కాదు. వస్తువుకీ వస్తువుకీ మధ్య తేడా వచ్చినప్పుడే కాలేది.

ఇలా అన్నిటినీ కలపడాన్నే బాండింగ్ అంటారు. పిడుగుల రక్షణ మీది అంతర్జాతీయ ప్రమాణం, ఐఈసీ 62305, ఇంటికంతటికీ కలిసి ఉన్న ఒకే ఎర్తింగ్ ఏర్పాటు మేలనే చెబుతుంది. మన దగ్గర ఐఎస్ 3043 ఎర్తింగ్ పద్ధతుల కోసమే ఉన్న ప్రమాణం. ఈ రెండూ అచ్చులో ఉన్నాయి. కానీ పని చేయించేవాళ్ల దాకా వచ్చేసరికి "సెపరేట్ ఎర్త్" అన్న ఒక్క మాటే మిగులుతోంది.

మా ఇంట్లో ఏం చేశానో చెబుతాను. గొప్ప కోసం కాదు, ఎవరైనా చేయించుకోవాలంటే మేస్త్రీకి చూపించడానికి ఒక నమూనా ఉండాలి కదా. యాంటెన్నా కేబుల్స్ గదిలోకి వచ్చే చోట, కిటికీ పక్క గోడకి బయటి వైపు ఒక రాగి రేకు బిగించాను. కేబుల్స్ అన్నీ ముందు ఆ రేకు దగ్గరికి రావాలి. అక్కడ ఒక్కోదానికీ గ్యాస్ ట్యూబ్ ఉన్న సర్జ్ అరెస్టర్ (ఒక్కసారిగా ఎగిసిన వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్లించే పరికరం) ఉంది, దాని బాడీ రేకుకే బిగించి ఉంది. రేకు నుంచి 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి పట్టీ గోడ వెంట నేరుగా కిందికి దిగి, అక్కడ దిగగొట్టిన ఊచకి చేరుతుంది. అక్కణ్నుంచి అదే పట్టీ ఇంటి గోడ చుట్టూ మట్టిలో నడిచి, మీటరు దగ్గరి పాత ఎర్త్ పిట్‌ని కలుస్తుంది. లక్ష్మీపురంలో లేనిది ఈ చివరి ముక్కే. డాబా మీది పైపు నుంచి ఇంకో పట్టీ బయటి గోడ వెంటే దిగి కింద వీటితో కలుస్తుంది, ఇంట్లోకి రాదు. లోపల బల్ల వెనక గోడకి ఇంకో చిన్న రాగి పట్టీ ఉంది. రేడియో, పవర్ సప్లై, ట్యూనర్ (యాంటెన్నాని సెట్టుకి పొందించే పెట్టె) దేనికదే పొట్టి తీగతో దానికి కలుస్తాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా కాదు. ఆ పట్టీ బయటి రేకుకి కలుస్తుంది. బల్ల మీద సాకెట్లన్నీ ఒకే బోర్డు మీద ఉన్నాయి, దాని ఎర్త్ కూడా అక్కడికే.

పట్టీ ఎందుకు, మామూలు తీగ చాలదా అని నా దగ్గర పని చేసిన కుర్రాడు అడిగాడు. చాలా మంచి ప్రశ్న. పిడుగు కరెంటు మెల్లగా రాదు. ఒక మైక్రోసెకనులో వేల ఆంపియర్లకి ఎగబాకుతుంది. అంత వేగంగా మారే కరెంటుకి తీగ రెసిస్టెన్స్ కంటే దాని ఇండక్టెన్స్ (కరెంటులో మార్పుని ఎదిరించే గుణం) పెద్ద అడ్డు. సుమారుగా మీటరు తీగకి ఒక మైక్రోహెన్రీ. పది మీటర్ల తీగలో మైక్రోసెకనుకి 20,000 ఆంపియర్ల చొప్పున కరెంటు పెరిగితే దాని రెండు కొసల మధ్యే రెండు లక్షల వోల్టులు తయారవుతాయి. తీగ ఎంత లావుదైనా ఇది పెద్దగా తగ్గదు. పొడవు తగ్గించాలి, వెడల్పు పెంచాలి, మూల మలుపుల్లో తొంభై డిగ్రీలకి మడవకుండా వంపుగా తిప్పాలి. మిగిలిన తీగని అందంగా చుట్టలు చుట్టి గోడకి తగిలించే అలవాటు మన ఎలక్ట్రీషియన్లకి ఉంది. వాళ్లలో చాలామంది నా దగ్గర చదువుకున్నవాళ్లే కాబట్టి చనువుతో అంటున్నాను: ఆ చుట్ట కాయిల్ అయి అడ్డుని ఇంకా పెంచుతుంది నాయనా, విప్పి కత్తిరించు.

ఇక కాస్త నేల సంగతి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వానాకాలంలో రేగడి అంత మంచి ఎర్త్ ఇంకోటి ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో అదే నేల బీటలు తీసి పైపు నుంచి విడిపోతుంది. పిడుగులు ఎక్కువగా పడేది కూడా సరిగ్గా ఆ అకాల వర్షాల రోజుల్లోనే. అందుకే పైపు లోతుగా దిగాలి. ఐఎస్ 3043 ప్రకారం జీఐ పైపు కనీసం రెండున్నర మీటర్ల పొడవుండాలి. రెండో పైపు వేస్తే పైపు పొడవుకి కనీసం రెట్టింపు దూరంలో వేయాలి, పక్కపక్కనే వేస్తే రెండో దాని డబ్బులు దండగ. మా పిట్‌లోకి బట్టలు ఉతికిన నీళ్లు వెళ్లేలా చిన్న కాలువ తీయించాను. ఉప్పు, బొగ్గు నింపే పాత పద్ధతి పనిచేస్తుంది కానీ ఉప్పు జీఐ పైపుని తినేస్తుంది. కొన్నేళ్ల తర్వాత పైన మూత దగ్గర పైపు కనిపిస్తుంటుంది, లోపల ఉండదు. ఇప్పుడు ఉప్పుకి బదులు బెంటొనైట్ మట్టి వేస్తున్నారు, అదే నయం. విజయవాడలో మొగల్రాజపురం, గుణదల కొండవాలు ఇళ్ల వాళ్ల కష్టం వేరు. అక్కడ ఊచ అడుగు దిగగానే రాయి తగులుతుంది. అలాంటి చోట లోతుకి పోలేరు కాబట్టి ఇంటి చుట్టూ పట్టీని అడ్డంగా పాతడమే దారి. అలాంటి ఇళ్లలో ఎర్త్ రీడింగ్ ఎలాగూ గొప్పగా రాదు, అందుకని బాండింగ్ ఇంకా ముఖ్యమవుతుంది. రాగినీ జీఐనీ నేరుగా బోల్టు వేసి కలిపితే తడి తగిలి తుప్పు పడుతుంది. మధ్యలో కళాయి వేసిన లగ్ (బోల్టు వేసి బిగించే లోహపు ముక్క) పెట్టి, అతుకుని మట్టికి పైన, కంటికి కనబడే చోట ఉంచాలి.

పిడుగు ఎప్పుడో పడుతుంది, పడకపోవచ్చు కూడా. రోజూ మనతో ఉండే ప్రమాదం ఇంకోటి ఉంది. అది రేడియో ఉన్నవాళ్లదే కాదు, గీజరు, వాషింగ్ మెషిన్ ఉన్న ప్రతి ఇంటిదీ. మన ఇళ్లకి స్తంభం నుంచి వచ్చేవి ఫేజు, న్యూట్రల్. ఎర్త్ మనం వేసుకోవాలి. మన పిట్ రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు ఉందనుకోండి. గీజరులో ఫేజు బాడీకి తగిలితే నేలలోకి పోయే కరెంటు 230ని 20తో భాగిస్తే ఎంతో అంత, పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆఫయ్యే స్విచ్చి) ఆ కరెంటుకి ఆఫ్ అవదు. ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, అయినా గీజరు బాడీలో కరెంటు అలాగే నిలబడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి వెలిగించి "ఎర్త్ బ్రహ్మాండంగా ఉందమ్మా" అంటాడు. బల్బుకి అర ఆంపియరు కూడా అక్కర్లేదు, వెలగక ఏం చేస్తుంది? 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి కారుతుంటే సరఫరా ఆపేసే స్విచ్చి) మెయిన్ బోర్డులో ఉంటేనే ఇక్కడ ప్రాణం దక్కుతుంది. ఎర్త్ ఎంతుందో తెలియాలంటే ఎర్త్ టెస్టర్‌తో కొలవాలి. దానికి దూరంగా రెండు మేకులు దిగగొట్టాలి. సిమెంటు రోడ్ల పేటల్లో మేకు దిగే చోటే దొరకదు, నేను ఎదుటి ఖాళీ స్థలం వాళ్లని బతిమాలుకుని కొలిచాను.

దీనికి మించిన ఘోరం ఇంకోటుంది. ఎర్త్ లేని పాత ఇళ్లలో, కొన్ని కొత్త ఇళ్లలో కూడా, సాకెట్ వెనక చిన్న తీగ ముక్కతో న్యూట్రల్‌ని మూడో పిన్నుకి కలిపేస్తున్నారు. బల్బు వెలుగుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. గాలివానకి బయట న్యూట్రల్ తెగిందంటే ఇంట్లో ఇనప బాడీ ఉన్న ప్రతి వస్తువు మీదికీ 230 వోల్టులు వచ్చేస్తాయి. ఫ్రిజ్ తలుపు మీద, వాషింగ్ మెషిన్ మీద, నా బోటి వాళ్లయితే రేడియో మీద, దానికి కట్టిన కేబుల్ గుండా డాబా మీది పైపు మీద. బట్టలు ఆరేయడానికి పైకి వెళ్లిన మనిషికి ఆ పైపు తగిలితే? బాండింగ్ అంటే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపడమని అనుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: నేను కలపమంటున్నది ఎర్తులని, న్యూట్రల్‌ని కాదు. సాకెట్లో న్యూట్రల్‌కీ మూడో పిన్నుకీ మధ్య తీగ ముక్క కనిపిస్తే అదే రోజు తీయించేయండి.

హామ్ మిత్రులకి ఒక ముక్క. మాట్లాడుతుంటే మైకు పెదవికి చురుక్కుమంటోందని, ఇంకో ఎర్త్ వేస్తే పోతుందని కొందరు ఊచ మీద ఊచ కొట్టిస్తుంటారు. నలభై మీటర్ల బ్యాండంటే సుమారు 7 మెగాహెర్ట్జ్, దానికి పావు తరంగం పొడవు పదిన్నర మీటర్లు. రెండో అంతస్తు నుంచి నేలదాకా దిగిన తీగ దాదాపు అంతే ఉంటుంది. అలాంటప్పుడు కింద ఎంత మంచి ఎర్త్ ఉన్నా పైకొసన రేడియో కరెంటుకి అది ఎర్త్‌లా కనిపించదు. ఆ చురుకుకి మందు యాంటెన్నా దగ్గర చోక్ వేసి, కేబుల్ మీద వెనక్కొచ్చే కరెంటుని ఆపడం. ఎర్త్ కరెంటు షాకు కోసం, పిడుగు కోసం. సిగ్నల్ కోసం కాదు. ఇంకోటి, ఉరుములు మొదలవగానే కేబుల్ ఊడదీసి కిటికీ లోపల బల్ల మీద పడేసేవాళ్లున్నారు. అలా పడేసిన కొస నుంచి మంట బల్ల మీదికి దూకొచ్చు. గోడ బయటి రేకు దగ్గరే ఊడదీసి అక్కడే వదిలేయాలి. అది కూడా మబ్బు దూరంగా ఉండగానే. నెత్తి మీద ఉరుముతుంటే దాని జోలికి పోకండి. సర్జ్ అరెస్టర్ ఉంది కదా అని ఆ సమయంలో మైకు పట్టుకునేవాళ్లకి నేను చెప్పగలిగేదేమీ లేదు.

రేడియో లేని పాఠకులు ఇదంతా మాకెందుకు అనుకోవచ్చు. ఇప్పుడు ప్రతి రెండో డాబా మీదా సోలార్ పలకలు వస్తున్నాయి. వాటితో పాటు మామూలుగా మూడు ఎర్తులు తవ్వుతున్నారు: పలకలకి ఒకటి, ఇన్వర్టర్‌కి ఒకటి, పిడుగు కమ్మీకి ఒకటి. ఇంటికి ముందే ఉన్నది నాలుగోది. అపార్ట్‌మెంట్ అయితే బిల్డరు పెట్టిన లైట్నింగ్ అరెస్టర్‌ది ఐదోది. మా బంధువుల అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య చూశాను, గోడ వెంట వరసగా సిమెంటు మూతలు, ఒక్కోదాని మీద రంగుతో పేర్లు. ఏ రెంటికీ మధ్య పట్టీ లేదు. అడిగితే పని చేసినవాళ్లు "డ్రాయింగులో కలపమని లేదు మేడమ్" అన్నారు. మూడు తవ్వడంలో తప్పు లేదు. నేల మట్టంలో వాటిని ఒకే పట్టీతో కలిపి, ఇంటి ఎర్త్‌కి చేర్చితే లక్షలు పోసి కొన్న ఇన్వర్టర్ లక్ష్మీపురం రేడియో పాలవకుండా ఉంటుంది. దీనికి అయ్యే అదనపు ఖర్చు కొన్ని మీటర్ల పట్టీ, నాలుగు బోల్టులు, ఒక పూట కూలి. అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు పెయింటింగ్ గురించి పెట్టే మీటింగుల్లో ఒక్కదాంట్లో ఈ సంగతి కూడా ఎత్తితే బాగుంటుంది.

మిమ్మల్ని కోరేది ఇది. ఆ వ్యాసంలోని సలహాని సవరిస్తూ, యాంటెన్నాకి, సోలార్‌కి, డిష్‌కి వేసే ఎర్తులన్నిటినీ ఇంటి ఎర్త్‌తో కలపాలని అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. వచ్చే ఎండాకాలం లోపే వేస్తే మేలు. మే నెల పిడుగులయ్యాక వేస్తే పాత పేపర్ల వాడికి తప్ప ఎవరికీ ఉపయోగపడదు. మీ విలేకరికి అనుమానాలుంటే మా ఇంటికి పంపండి, రేకు, పట్టీ, బల్ల వెనక తీగలు అన్నీ చూపిస్తాను. ఫొటో తీసుకున్నా అభ్యంతరం లేదు.

ఈ ఉత్తరం పొడుగైందని నాకూ తెలుసు. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నేల గురించి రాసింది తీసేయండి, కావాలంటే మైకు చురుకు సంగతి కూడా తీసేయండి. న్యూట్రల్ గురించి రాసిన పేరా మాత్రం కదపొద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ ఉద్యోగిని,
బ్రాడీపేట, గుంటూరు.